ప్రొస్టేట్ క్యాన్సర్‌కి కరెంటు పెట్టించుకోవాల్సి వస్తే

రేడియేషన్‌ని మనవాళ్ళు "కరెంటు పెట్టడం" అంటారు. ఆ మాట వినగానే షాకు, మంట, కాలిన వాసన గుర్తొస్తాయి. అవేమీ ఉండవు. ఎక్స్‌రే తీయించుకున్నప్పుడు ఒంటికి ఎంత తెలుస్తుందో ఇక్కడా అంతే, అంటే ఏమీ తెలియదు. మా నాన్నగారికి మొదట ప్రొస్టేట్‌కి, అంటే మగవాళ్ళలో మూత్రసంచి కింద ఉండే గ్రంథికి, 20 సిట్టింగులు పెట్టించాం. కొన్నేళ్ళ తర్వాత తుంటి ఎముకకి పాకితే ఇంకొక్కటి పెట్టించాం. నేను డాక్టర్ని కాను, ఫైలు పట్టుకుని ఆయన వెనకాల తిరిగినవాణ్ణి. ఏ మందు, ఎంత డోసు అన్నది మీ డాక్టరు చెప్పాల్సిందే. ఆయన గదిలోకి వెళ్ళేముందు ఏం సిద్ధం చేసుకోవాలో, ఏం అడగాలో, ఇంటికొచ్చాక దేనికి కంగారు పడాలో, దేనికి అక్కర్లేదో వరసగా చెబుతాను.

1. ముందు "దేనికోసం?" అని అడగండి

అదే మిషన్, అదే బల్ల, కానీ పని మూడు రకాలు. జబ్బు ప్రొస్టేట్ దాటనప్పుడు పూర్తిగా నయం చేయడానికి పెడతారు. ఆపరేషన్ అయిపోయాక పీఎస్ఏ (ప్రొస్టేట్ కణాలు తయారుచేసే ప్రోటీన్, రక్తపరీక్షలో కొలుస్తారు) మళ్ళీ పెరుగుతుంటే, గ్రంథి తీసేసిన చోట మిగిలినదాన్ని చంపడానికి పెడతారు. ఎముకలకి పాకినప్పుడు నొప్పి తగ్గించడానికో, పెరగకుండా ఆపడానికో పెడతారు. సిట్టింగుల సంఖ్య, డోసు, సైడ్ ఎఫెక్టులు, ఎంత ఆశ పెట్టుకోవచ్చు అన్నది, అన్నీ ఈ ఒక్క జవాబు మీదే ఆధారపడతాయి.

ఇది అడగకపోతే ఏమవుతుందంటే, వెయిటింగ్ హాల్లో పక్కాయనతో పోల్చుకోవడం మొదలవుతుంది. "ఆయనకి 39 పెట్టారట, మనకి ఒక్కటే పెట్టి పంపించేశారు, ఇక లాభం లేదనా?" అని రెండోసారి వెళ్ళినప్పుడు నాన్నగారు నన్ను అడిగారు. ఆయనది ఎముక నొప్పికి పెట్టింది. దానికి ఒక్కటి చాలు.

2. ఫైల్లో ఏముందో మీరే ఒకసారి చదవండి

మూడు వివరాలు మీకు నోటికి రావాలి. మొదటిది పీఎస్ఏ. ఒక్క అంకె కాకుండా, ఇప్పటిదాకా చేయించిన ప్రతి పరీక్షా తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకోండి. రెండోది బయాప్సీలో వచ్చిన గ్లీసన్ స్కోరు, అంటే క్యాన్సర్ కణాలు ఎంత ఉధృతమైనవో చెప్పే అంకె. ఇది 6 నుంచి 10 దాకా ఉంటుంది. మూడోది జబ్బు గ్రంథి లోపలే ఉందా, పొర దాటిందా అన్నది. అది డాక్టరు మలద్వారం గుండా వేలితో చేసే పరీక్షలో, ఎంఆర్ఐలో తెలుస్తుంది.

పీఎస్ఏ 10 లోపు, గ్లీసన్ 6, గ్రంథిలో చిన్న భాగమే అయితే రిస్కు తక్కువ. పీఎస్ఏ 10 నుంచి 20 మధ్య, లేదా గ్లీసన్ 7 అయితే మధ్యస్థం. పీఎస్ఏ 20 దాటినా, గ్లీసన్ 8 లేదా ఆపైన వచ్చినా, గ్రంథి దాటినా ఎక్కువ రిస్కు. తక్కువ రిస్కు వాళ్ళలో చాలామందికి వెంటనే ఏ వైద్యమూ అక్కర్లేదు, పీఎస్ఏతో పాటు డాక్టరు చెప్పిన పరీక్షలు చేయించుకుంటూ ఉంటే సరిపోతుంది. ఈ మాట డాక్టరు చెబితే ఆయన పట్టించుకోవట్లేదని అనుకోకండి.

ఎక్కువ రిస్కు ఉంటే, వైద్యం మొదలుపెట్టే ముందే ఎక్కడికైనా పాకిందా అని చూడాలి. పాత పద్ధతి బోన్ స్కాన్, సీటీ. ఇప్పుడు పీఎస్ఎంఏ పెట్ స్కాన్ ఉంది. ప్రొస్టేట్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే మందు ఎక్కించి ఫొటో తీస్తారు. 2020లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా అధ్యయనంలో పాత స్కాన్లు 65 శాతం కచ్చితంగా చెబితే ఇది 92 శాతం చెప్పింది. మీ దగ్గర అందుబాటులో ఉందేమో అడగండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఎముకకి పాకినా అది ప్రొస్టేట్ క్యాన్సరే, బోన్ క్యాన్సర్ కాదు. మందులు కూడా ప్రొస్టేట్‌వే పనిచేస్తాయి. బంధువులు ఫోన్ చేసి "బోన్ క్యాన్సరట కదా" అన్నప్పుడు సరిచేయడం కొంచెం ఓపికతో కూడిన పని.

3. ఆపరేషనా, రేడియేషనా? ఇద్దరు డాక్టర్లనీ కలవండి

జబ్బు ప్రొస్టేట్‌లోనే ఉంటే యూరాలజిస్టు ఆపరేషన్ వైపు, రేడియేషన్ డాక్టరు రేడియేషన్ వైపు మొగ్గడం సహజం. అందుకే ఇద్దరినీ అడగాలి. బ్రిటన్‌లో 1,643 మందిని మూడు గుంపులు చేసి, ఒకరికి ఆపరేషన్, ఒకరికి రేడియేషన్, ఒకరికి గమనిస్తూ ఉండటం, అలా సుమారు 15 ఏళ్ళు చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. ప్రొస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్ళు మొత్తం మీద 3 శాతం లోపే, ఏ గుంపులోనూ పెద్ద తేడా లేదు. తేడా ఇబ్బందుల్లో కనిపించింది. మూత్రం ఆపుకోలేకపోవడం ఆపరేషన్ వాళ్ళలో ఎక్కువ, విరేచనం ఇబ్బందులు రేడియేషన్ వాళ్ళలో ఎక్కువ. కాబట్టి ఏ ఇబ్బందితో మీరు సర్దుకోగలరు అన్నదే అసలు ప్రశ్న. రెండు మూడు వారాలు ఆలోచించుకుంటే కొంపలు మునగవు.

రేడియేషన్ డాక్టరు అడగకుండానే మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి: ఇంతకుముందు పొత్తికడుపుకి ఎప్పుడైనా రేడియేషన్ పెట్టారా, పేగు పూత జబ్బేమైనా ఉందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా, పేస్‌మేకర్ గానీ తుంటి మార్పిడి గానీ ఉందా, ఇప్పటికే మూత్రం ధార బాగా సన్నగా వస్తోందా. ఈ చివరిది చాలామంది సిగ్గుపడి చెప్పరు. రేడియేషన్‌తో గ్రంథి కొన్నాళ్ళు వాచి, ఉన్న ఇబ్బంది ఇంకా పెరుగుతుంది కాబట్టి ముందే చెప్పాలి.

ఇక పద్ధతులు. ఎక్కువమందికి బయటి నుంచి పెడతారు. మిషన్ చుట్టూ తిరుగుతూ కిరణాలని గ్రంథి ఆకారానికి తగ్గట్టు మలుస్తుంది. ఒకప్పుడు వారానికి అయిదు రోజుల చొప్పున ఏడెనిమిది వారాలు పట్టేది. 2016లో వచ్చిన ఒక బ్రిటిష్ అధ్యయనం, మూడు వేలమందికి పైగా మగవాళ్ళ మీద చేసింది, 20 సిట్టింగుల్లో 60 గ్రే ఇచ్చినా 37 సిట్టింగుల్లో 74 గ్రే ఇచ్చినంత ఫలితం ఉంటుందని చూపించింది. గ్రే అంటే రేడియేషన్ కొలత. అప్పటినుంచి చాలాచోట్ల నాలుగు వారాలే. తక్కువ, మధ్యస్థ రిస్కు వాళ్ళలో కొందరికి అయిదు సిట్టింగులతో ముగించే పద్ధతీ ఉంది, 2024లో వచ్చిన ఫలితాలు దానికి బలమిచ్చాయి. సిట్టింగులు తగ్గిస్తే మందు తగ్గించినట్టు కాదు, రోజువారీ డోసు పెంచుతారు.

రెండోది బ్రాకీథెరపీ, అంటే లోపలి నుంచి పెట్టే రేడియేషన్. రేడియేషన్ ఇచ్చే అయొడిన్ గింజల్ని, బియ్యపు గింజంత ఉంటాయి, గ్రంథిలో శాశ్వతంగా వదిలేస్తారు. లేదా కొన్ని నిమిషాలు ఇరిడియం అనే రేడియేషన్ సోర్సుని సూదుల ద్వారా లోపలికి పంపి తీసేస్తారు.

మధ్యస్థ, ఎక్కువ రిస్కు వాళ్ళకి రేడియేషన్‌తోపాటు హార్మోన్ ఇంజెక్షన్, అంటే మగ హార్మోన్‌ని తగ్గించేది, ఇస్తారు. ప్రొస్టేట్ క్యాన్సర్‌కి మగ హార్మోన్ ఆహారం లాంటిదని చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు 1941లో చూపించి, 1966లో నోబెల్ అందుకున్నాడు. ఇప్పటికీ వైద్యం ఆ దారిలోనే నడుస్తోంది. మధ్యస్థ రిస్కుకి నాలుగు నుంచి ఆరు నెలలు, ఎక్కువ రిస్కుకి ఏడాదిన్నర నుంచి మూడేళ్ళు. ఒంట్లో వేడి ఆవిర్లు, నీరసం, కోరిక తగ్గడం, ఎముకలు పలచబడటం దీనివల్లే. వాటిని రేడియేషన్ ఖాతాలో వేయకండి. ఎముకల సాంద్రత పరీక్ష, కాల్షియం, విటమిన్ డి గురించి అడగండి, రోజూ నడవండి.

ఇంకా పిల్లలు కావాలనుకునే వయసైతే, మొదలుపెట్టే ముందే వీర్యం దాచుకోవడం గురించి అడగండి. తర్వాత అడిగి లాభం లేదు.

4. ప్లానింగ్ రోజు

మొదటిరోజే కరెంటు పెట్టరు. ముందు ఒక సీటీ స్కాన్ తీసి, ఆ పడుకున్న తీరులోనే ప్లాన్ గీస్తారు. చర్మం మీద మూడు చిన్న చుక్కలు పచ్చబొట్టులా పొడుస్తారు, రోజూ మిమ్మల్ని అదే చోట పడుకోబెట్టడానికి. కొన్నిచోట్ల గ్రంథిలో సన్నని బంగారు గుర్తులు పెడతారు. కొందరికి పెద్దపేగు చివరి భాగాన్ని గ్రంథి నుంచి కాస్త దూరం జరపడానికి మధ్యలో జెల్ ఎక్కిస్తారు. ప్లాన్ సిద్ధం కావడానికి వారం, పది రోజులు పడుతుంది. ఆ రోజుల్లో "ఇంకా మొదలుపెట్టలేదేంటి" అన్న టెన్షన్ అక్కర్లేదు.

5. రోజూ చేయాల్సింది: నిండిన మూత్రసంచి, ఖాళీ పేగు

సైడ్ ఎఫెక్టులు తగ్గించడంలో మీ చేతిలో ఉన్న పెద్ద పని ఇదే, కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుదాం.

ప్రొస్టేట్ పైన మూత్రసంచి, వెనక మలం నిలిచే పేగు ఉంటాయి. మూత్రసంచి నిండితే దాని పైభాగం, చిన్నపేగులు కిరణాల దారి నుంచి పైకి లేస్తాయి. వెనక పేగు ఖాళీగా ఉంటే గ్రంథి ప్లాన్ గీసిన చోటే ఉంటుంది. అక్కడ లెక్క మిల్లీమీటర్లలో. ఒకరోజు నాన్నగారిని బల్ల మీద పడుకోబెట్టి, కిరణాలు పెట్టేముందు తీసే చిన్న స్కాన్ తీశారు. టెక్నీషియన్ నన్ను కంట్రోల్ రూమ్ దగ్గరికి పిలిచి స్క్రీన్ చూపించాడు. గ్రంథి వెనక నల్లగా, గుండ్రంగా ఒక మచ్చ. "గ్యాసండీ. దీనివల్ల ప్రొస్టేట్ ముందుకి నెట్టుకుపోయింది. ఇలా పెడితే పేగుకి తగులుతుంది" అన్నాడు. దింపేశారు. అరగంట నడిచి, టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక మళ్ళీ పడుకోబెడితే ఆ మచ్చ లేదు. అప్పటిదాకా ఈ పేగు ఖాళీ సంగతి ఏదో నియమం కోసం చెబుతున్నారనుకున్నాను.

చేయాల్సింది ఇలా. మీకిచ్చిన టైమ్‌కి గంట ముందు మూత్రానికి వెళ్ళి పూర్తిగా ఖాళీ చేయండి. తర్వాత మీ సెంటర్ చెప్పినన్ని నీళ్ళు, సాధారణంగా అరలీటరు దగ్గర, ఒకేసారి తాగి గడియారం చూసుకోండి. రోజూ అదే సీసా, అదే కొలత, అదే సమయం. నీళ్ళు రోజంతా తక్కువ తాగి అప్పుడు ఒక్కసారి తాగితే సంచి నిండదు, ఒళ్ళే పీల్చుకుంటుంది, అందుకని ముందురోజు నుంచీ బాగా తాగాలి. ఉదయం విరేచనం అవ్వకపోతే చెప్పండి, మందో చిన్న ఎనీమానో ఇస్తారు. మీకు గ్యాస్ పట్టే తిండి ఏదో మీకే తెలుసు, ఆ నాలుగు వారాలూ మానేయండి.

మిషన్ ఆలస్యమైతే బిగబట్టి కూర్చోవద్దు. కౌంటర్‌లో చెప్పండి, వెళ్ళొచ్చి మళ్ళీ నీళ్ళు తాగి మొదలుపెట్టనిస్తారు. పెద్దవాళ్ళు ఇది చెప్పడానికి మొహమాటపడతారు. మీరు చెప్పండి.

బల్ల మీద పడుకునేది పది, పదిహేను నిమిషాలు. కదలకూడదు, మామూలుగా ఊపిరి పీల్చవచ్చు. గదిలో ఒక్కరే ఉంటారు, కెమెరాలో చూస్తుంటారు, చెయ్యెత్తితే ఆపుతారు. బయటి నుంచి పెట్టిన రేడియేషన్ ఒంట్లో నిలవదు. ఇంటికెళ్ళి మనవళ్ళని ఎత్తుకోవచ్చు. గింజలు పెట్టినవాళ్ళ సంగతి వేరు, ఆ అయొడిన్ బలం సగానికి తగ్గడానికే రెండు నెలలు పడుతుంది. మొదటి రెండు నెలలు గర్భిణులకి, చిన్నపిల్లలకి మరీ దగ్గరగా ఎక్కువసేపు కూర్చోవద్దంటారు.

6. రెండో వారం నుంచి వచ్చేవి

మొదటి వారం ఏమీ ఉండదు. రెండో, మూడో వారంలో మూత్రం మాటిమాటికీ రావడం, మంట, ధార సన్నబడటం, రాత్రిళ్ళు నాలుగైదుసార్లు లేవడం, కొందరికి పలచటి విరేచనాలు, సాయంత్రానికి అలసట. అయిపోయాక మరో రెండు మూడు వారాలు ఇలాగే ఉండి, నెల రెండు నెలల్లో తగ్గుతాయి. ధార తేలిక చేసే మాత్రలు ఉన్నాయి, ఓర్చుకోవడం గొప్పేమీ కాదు, అడగండి. మూత్రం పూర్తిగా ఆగిపోయినా, జ్వరం చలి వచ్చినా అదేరోజు హాస్పిటల్‌కి వెళ్ళాలి. పొగ తాగేవాళ్ళు మానేస్తే తర్వాతి ఇబ్బందులు తగ్గుతాయి.

నెలలు, ఏళ్ళు గడిచాక వచ్చేవి వేరే. అంగస్తంభన రెండు మూడేళ్ళలో నెమ్మదిగా తగ్గవచ్చు, మాత్రలతో చాలామందికి ఫలితం ఉంటుంది, కానీ గుండెకి నైట్రేట్ మాత్రలు వేసుకునేవాళ్ళు వాటి జోలికి వెళ్ళకూడదు. కొద్దిమందికి మలంలో రక్తం కనిపిస్తుంది. అప్పుడు కొలనోస్కోపీకి (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) వెళితే "నాకు ప్రొస్టేట్‌కి రేడియేషన్ పెట్టారు" అని ముందే చెప్పండి. కిరణాలు తగిలిన ఆ పేగు ముందు గోడ నుంచి ముక్క తీస్తే పుండు మానక, రంధ్రం పడే ప్రమాదం ఉంది. రేడియేషన్ అయిన చాలా ఏళ్ళకి, వేరే డాక్టరు దగ్గర, ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు. మీకు గుర్తుండాలి.

7. పీఎస్ఏ సున్నా కాలేదేంటి?

ఆపరేషన్ చేసినవాళ్ళకి పీఎస్ఏ దాదాపు కనబడకుండా పోవాలి. మళ్ళీ 0.2 దాటి పెరుగుతుంటే తిరిగొచ్చిందని లెక్క, 0.5 దాటకముందే గ్రంథి ఉన్న చోట రేడియేషన్ పెడితే ఫలితం మెరుగు. కాబట్టి "ఇంకా చిన్న అంకెలే కదా" అని ఆగకండి.

రేడియేషన్ వాళ్ళకి గ్రంథి లోపలే ఉంటుంది, కాబట్టి పీఎస్ఏ నెమ్మదిగా, ఏడాదిన్నర, రెండేళ్ళు దిగుతూ ఒకచోట ఆగుతుంది. మధ్యలో కొందరికి కొంచెం లేచి మళ్ళీ దిగుతుంది. ఆ చిన్న ఎగుడుకి ఇల్లంతా నిద్ర పోగొట్టుకున్నాం మేము. దిగిన అతి తక్కువ అంకె మీద 2 పెరిగితేనే తిరిగొచ్చిందని డాక్టర్లు లెక్కేస్తారు. 0.4కి దిగినవాళ్ళకి 0.9 వస్తే అది ఆ గీత దాటలేదు. హార్మోన్ ఇంజెక్షన్ ఆపాక కూడా కొంచెం పెరగడం మామూలే. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి.

8. ఎముకలకి పాకితే

మొదటి నుంచే పాకినట్టు తేలినా, నాలుగైదు చోట్ల లోపే ఉంటే ప్రొస్టేట్‌కి కూడా రేడియేషన్ పెట్టించాలా అని అడగండి. 2018లో వచ్చిన బ్రిటిష్ స్టాంపీడ్ అధ్యయనంలో, తక్కువ పాకినవాళ్ళలో మందులతో పాటు ప్రొస్టేట్‌కి రేడియేషన్ కూడా ఇచ్చినప్పుడు మూడేళ్ళకి 81 శాతం మంది బతికున్నారు, ఇవ్వనివాళ్ళలో 73 శాతం. ఎక్కువచోట్లకి పాకినవాళ్ళకి ఆ లాభం కనిపించలేదు. ఒకటి రెండు మచ్చలే ఉంటే వాటినే గురిచూసి ఎక్కువ డోసుతో కొట్టే పద్ధతీ ఉంది.

నొప్పికి మాత్రం ఒకేసారి 8 గ్రే ఇస్తే, అయిదు లేదా పది సిట్టింగులతో సమానంగా నొప్పి తగ్గుతుంది. తర్వాత మళ్ళీ పెట్టాల్సిన అవసరం మాత్రం ఒక్కదానితో కొంచెం ఎక్కువ. పెట్టిన ఒకటి రెండు రోజులు నొప్పి పెరగొచ్చు. నాన్నగారు ఆ రాత్రి "ఎందుకు పెట్టించావురా" అన్నారు. మూడో వారంలో కర్ర లేకుండా మేడ మెట్లు ఎక్కారు. కాబట్టి నొప్పి మాత్రలు వెంటనే ఆపకండి.

ఎక్కువచోట్ల ఎముకలకి పాకి, హార్మోన్ ఇంజెక్షన్లకి లొంగనప్పుడు రక్తంలోకి ఎక్కించే రేడియేషన్ ఉంది. రేడియం 223ని ఎముక కాల్షియం అనుకుని పీల్చుకుంటుంది. నాలుగు వారాలకొకటి, ఆరు ఇంజెక్షన్లు. 2013 నుంచి వాడుకలో ఉంది. పీఎస్ఎంఏ ప్రోటీన్‌ని పట్టుకుని ఆ కణాలకే రేడియేషన్ ఇచ్చే లుటీషియం పీఎస్ఎంఏ 2022లో అమెరికాలో అనుమతి పొందింది, ఆరు వారాలకొకటి, ఆరు దాకా. పీఎస్ఎంఏ పెట్‌లో మచ్చలు వెలిగినవాళ్ళకే ఇది పనికొస్తుంది. నోరెండటం, రక్తకణాలు తగ్గడం దీని ఇబ్బందులు. ఎక్కించాక కొన్ని రోజులు మూత్రంలో రేడియేషన్ పోతుంది, కూర్చుని మూత్రం పోయాలి, రెండుసార్లు నీళ్ళు కొట్టాలి, వేరే పడుకోవాలి.

ఒక్కదానికి మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. జబ్బు పాకినవాళ్ళకి కొత్తగా నడుము లేదా వీపు నొప్పి పట్టుకుని పడుకుంటే ఎక్కువవుతోందా, కాళ్ళు బరువెక్కి తడబడుతున్నాయా, తొడల మధ్య తిమ్మిరా, మూత్రం విరేచనం పట్టు తప్పిందా, అది వెన్నుపాము నొక్కుకుపోవడం కావచ్చు. అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి వెళ్ళి "క్యాన్సర్ ఎముకలకి పాకింది, కాళ్ళు పట్టు తప్పుతున్నాయి" అని ఆ మాటలే చెప్పండి. వెంటనే ఎంఆర్ఐ తీసి స్టెరాయిడ్ మొదలుపెట్టి, రేడియేషనో ఆపరేషనో ఒక రోజులోపు చేయాలి. నడక పోకముందు పట్టుకుంటే నడక నిలుస్తుంది. పోయాక తిరిగి రావడం కష్టం.

9. ఒక కాగితం

ఇది మొదటి ట్రీట్‌మెంట్ చివరి రోజు చేయాల్సిన పని, నేను చేయలేదు. తుంటికి పెట్టేటప్పుడు కొత్త డాక్టరు, ప్రొస్టేట్‌కి పెట్టినప్పుడు ఆ పక్కన ఎముకకి, పేగుకి ఎంత డోసు తగిలిందో చూపించమన్నారు. అది తెలియకుండా దాని మీద మళ్ళీ పెట్టరు. పాత హాస్పిటల్‌కి ఫోన్ చేస్తే రికార్డుల మనిషి సెలవన్నారు, తర్వాత సిస్టమ్ మారిందన్నారు. ప్లాన్ చేతికొచ్చేసరికి తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ నాన్నగారు కుర్చీలోనే నిద్రపోయారు. అందుకని చివరి సిట్టింగు అయ్యాక ఇంటికెళ్ళేముందు ట్రీట్‌మెంట్ సమ్మరీ అడగండి. మొత్తం డోసు, సిట్టింగులు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఏ భాగానికి పెట్టారన్నది అందులో ఉండాలి. ప్లాన్‌ని సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో ఇమ్మనండి. కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి కూడా పంపి ఉంచండి.